సాంచాల మోతలో నా అలక

ఆ రోజుల్లో మా ఇంట్లో కాసేపు ఒంటరిగా ఉండాలంటే డాబా ఒక్కటే దిక్కు. సిరిసిల్లలో మాది సాంచాల ఇల్లు (మరమగ్గాన్ని మేం సాంచా అంటాం). కింద నాలుగు సాంచాలు దడదడలాడుతుంటే నోటితో కన్నా చేతులతోనే ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం. ఆదివారం పూట నా అంతట నేను డాబా ఎక్కితే మధ్యాహ్నం ఎలా గడిచేదో తెలిసేది కాదు. ఆ సుఖాన్ని నమ్ముకునే, ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి అలిగి అక్కడికి చేరాను.

కారణం చెప్పుకుంటే సిగ్గు. కోరుట్లలో మేనత్త ఇంట్లో దావతుకు అన్న ఒక్కడే పోయాడు. "ఇద్దరు పోతే కండెలు ఎవరు చుడుతరు బిడ్డా?" అంది అమ్మ. మధ్యాహ్నం దాకా సాంచాలకు కావలసిన నూలు కండెలు చుట్టి, వాటి మధ్య నిలబడి, "నాకు బువ్వ వద్దు, నన్నెవ్వరు పిలువకుండ్రి!" అని చెయ్యి విసిరి మెట్లెక్కాను. అదే డాబా, అదే వేపచెట్టు నీడ. కానీ ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేకపోయాను. చెవులు మెట్ల మీదే ఉన్నాయి. అమ్మ మూడుసార్లు బతిమాలితే దిగుదామనుకున్నాను (ఆకలికి అది రెండుకు, తర్వాత ఒకటికి తగ్గింది). ఎవరూ రాలేదు. నేనెవరికీ అక్కర్లేదని ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

అంతలో కరెంటు పోయింది. సాంచాలు ఆగగానే కింది మాటలు వినిపించాయి.

"పిల్ల తిన్నదా?" అన్నాడు బాపు.

"ఇంకా లేదు. ఏందో చెయ్యి ఊపి మీదికి పోయింది. కండెలు చుట్టి పానం అలిసినట్టున్నది. జర ఒక్కదాన్ని ఉండనియ్యి, లేపకు," అంది అమ్మ.

నా అలక ఎవరి చెవినా పడలేదు! సాంచాలు నడిచేటప్పుడు అరిచి లాభం లేదని ఆ ఇంట్లో పుట్టిన నేనే మరిచిపోయాను. ఎవరూ పిలవకుండానే దిగి, అమ్మ మూతపెట్టి ఉంచిన అన్నం తిన్నాను. "మంచిగ పండుకున్నవా బిడ్డా?" అంటే తలూపాను.

ఇప్పుడు జగిత్యాలలో బడి ఉద్యోగం, ఇల్లు, పిల్లలు. సాయంత్రానికి మాట్లాడే ఓపిక కూడా ఉండదు. గది తలుపు వేసుకుంటే పావుగంటకే మా ఆయన వచ్చి, "ఏమైంది? కోపమొచ్చిందా?" అంటాడు. "ఏం లేదు, జర కూసోనియ్యిండ్రి," అని విసుక్కుంటాను. నిన్న ఆయన రాలేదు. అరగంట హాయిగా గడిచింది. ఆ తర్వాత నేనే లేచి, తలుపు కొంచెం ఓరగా తీసి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.