మండీ నుంచి వచ్చిన గంప

ఎనభైల మొదట్లో హోసూరులో సాయంత్రాలు ఫ్యాక్టరీ పనివాళ్ళకు ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. మా వంశంలో జీతానికి కుదిరిన మొదటివాణ్ణి నేనే. ఇస్త్రీ లేని చొక్కాతో ఒక్కరోజూ క్లాసుకు పోలేదు.

ఒకనాటి పాఠం ‘డాన్ ఆన్’ అనే ఇంగ్లీషు మాట. ఎవరో చెబితే తెలియడం కాదు, వెతికి కనుక్కోవడమూ కాదు. కళ్ళ ముందే ఉన్న సంగతి తనంతట తానే తెలిసిరావడం అని చెప్పాను. ‘ఇట్ డాన్డ్ ఆన్ మీ’ అని బోర్డు మీద రాసి, ఇక్కడ సంగతే మన దగ్గరికి నడిచి వస్తుంది, మనం దాని దగ్గరికి పోము అన్నాను.

“మీకు అట్ల ఎప్పుడన్నా అయిందా సార్?” అని ముందు బెంచీలోని ఫిట్టర్ అడిగాడు.

“సార్‌కు అన్నీ పుట్టినప్పుడే తెలుసులేప్పా!” అని వెనకనుంచి ఇంకొకడు. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. జరిగింది చెప్పాను.

వేప్పనపల్లి దగ్గర మాకు మామిడితోట ఉండేది. ఏటా తొలికాపు గంప రాగానే మా అవ్వ అరుగు మీద కూర్చుని వీధిలో ఇంటింటికీ పంచేది. ఆ పంపకమే మా ఇంటి పరువు. ఒక ఏడు గంప విప్పుతుంటే కాయల కింద వరిగడ్డి కనిపించింది. తోటలో అయితే మామిడాకులే పరుస్తారు. వరిగడ్డి పరవడం కృష్ణగిరి పండ్ల మండీ పద్ధతి. గంప తెచ్చిన బండివాడు మా తోటవాడు కాదు. ముందురోజే నాన్న కృష్ణగిరికి పోయి వచ్చాడు. ఇవన్నీ అంతకుముందు ఏళ్ళలోనూ చూసినవే, పట్టించుకోలేదంతే. తోట ఎప్పుడో చేయి దాటిందని, అవ్వకు చెప్పకుండా నాన్న మండీ కాయలు తెప్పిస్తున్నాడని అప్పుడు తెలిసివచ్చింది. నాన్నను అడగలేదు.

నాన్న పోయాక గంప నా వంతుకు వచ్చింది. అది ఆగితే అవ్వ తల దించుకోవాలి; అబద్ధం మోస్తే నేను దించుకోవాలి. రెండూ జరగనివ్వకూడదనుకున్నాను. జీతం అందగానే మండీలో మంచి కాయ ఏరి, బస్సు దిగి, గంప భుజాన పెట్టుకుని పెద్దవీధి మధ్యలోనే నడిచాను.

“తోటోడు యాడప్పా?” అంది అవ్వ.

“తోట మనది కాదవ్వా. నా జీతంతో మండీలో కొని తెచ్చినాను.”

అవ్వ గంప అంచు తడిమింది. నేను గంప ఎత్తి లోపలికి అడుగు వేశాను.

“లోపలికి యాడికి పోతావు? దొంగసొత్తా ఏమి? ఈడే, అరుగు మీదనే దించు. ఎదురింటామెను పిలువు. మనవడి సంపాదన అని చెప్పే ఇస్తా.”