కనపడని చోట రాసిన పేరు

మూడేళ్లుగా ఒక స్తోత్రం నా గొంతులో అడ్డం పడి ఉంది. అది నేను చెప్పింది కాదు. నా మాట నమ్మి మరొకరు చెప్పింది. ఆదివారం పాట మొదలవగానే అదే గుర్తొస్తుంది. పెదాలు మాత్రం కదుపుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

అరకు దాటాక కొండ మీద మాది చిన్న క్రైస్తవ సంఘం. రేకుల మందిరం, చుట్టూ కాఫీ తోటలు. వైజాగ్‌లో కంప్యూటర్ చదివొచ్చానని మందిరం వెబ్‌సైట్ పని నాకిచ్చారు. గర్వపడ్డాను. అక్కడే మొదలైందేమో.

ఆ ఏడు పార్వతీపురం వైపు నుంచి ఒకామె వచ్చింది. మొగుడు కత్తి పట్టుకుని వెంటపడితే కట్టుబట్టలతో పారిపోయి వచ్చింది. మా సంఘంలో పెద్దామె బుద్రమ్మ తన ఇంట్లో చోటిచ్చింది. ఊళ్లో వేరే పేరుతో పిలిచేవాళ్లం. అసలు పేరు ముగ్గురికే తెలుసు: బుద్రమ్మకి, పాస్టర్ అయ్యగారికి, నాకు.

ఒక బుధవారం బుద్రమ్మ ఇంట్లో ప్రార్థన కూడికలో, దేవుడు తనను ఎలా కాపాడాడో ఆమె సాక్ష్యం చెప్పింది. చేతి మీద మచ్చ చూపించింది. అందరం ఏడ్చాం. సైట్లో పెడతానన్నాను.

“నా పేరెట్టకక్కా. ఆడు ఫోను ఒగ్గడు, అందులో ఎతుకుతానే ఉంటాడు.”

“పేరు లేకపోతే అది సాక్ష్యమెలాగవుతుందే?”

మాకంతే. లేచి నిలబడినవాళ్లు ముందు పేరూ ఊరూ చెప్పాలి. లేకపోతే సాక్ష్యం సగమేనని చిన్నప్పటి నుంచీ నేర్పారు.

ఆమె నవ్వేసింది. “దేవుడికి నా పేరు తెల్దేటి? ఆయనా ఫోనులో సూసే తెలుసుకుంటాడా?”

పెట్టనని మాటిచ్చాను. పేజీలో పెట్టలేదు కూడా. కానీ మనం చదివే పేజీ వెనక ఇంకో రాత ఉంటుంది. ఇది ఎవరి గురించి, ఏ ఊరు, మ్యాప్‌లో ఎక్కడ అని విడివిడిగా గడులుంటాయి. స్ట్రక్చర్డ్ డేటా అంటారు. మనుషులకు కనపడదు, సెర్చ్ ఇంజన్లు చదువుకుంటాయి. అవి నింపితే మన పేజీ పైకొస్తుంది. నింపాను. ఆమె అసలు పేరు రాశాను. ఊరు రాశాను. కూడిక జరిగిన చోటని బుద్రమ్మ ఇంటి గుర్తు కూడా పెట్టాను. మా మందిరం పేరు నలుగురికీ తెలియాలన్న ఆశా, సాక్ష్యం సగం కాకూడదన్న పట్టుదలా? ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేను. ఎవరికీ కనపడదు గదా అనుకున్నాను. కనపడని పాపమంటూ లేదని సండేస్కూల్లో పిల్లలకు చెప్పేది నేనే.

నెల తిరక్కుండా, మంచు విడవని ఒక ఉదయం, రోడ్డు మీద బైక్ ఆగింది. సంత రోజు, ఊళ్లో మగాళ్లు లేరు. దిగినవాడు ఎవరినీ దారి అడగలేదు. చేతిలో ఫోన్ చూసుకుంటూ తిన్నగా బుద్రమ్మ గుమ్మం ముందుకెళ్లి, ఆమెను అసలు పేరుతో పిలిచాడు.

నేను కుళాయి దగ్గరున్నాను. ఆ పేరు విన్నాను. ఎలా వచ్చాడో ఆ క్షణమే తెలిసిపోయింది.

ఆమె పెరట్లోంచి కాఫీ తోటలోకి పరుగెత్తింది. వాడు వెనకే వెళ్లాడు. మేం ఆడవాళ్లం అరుచుకుంటూ వెళ్లేసరికి మంచులో ఇద్దరూ లేరు. మధ్యాహ్నం వాడొక్కడే వచ్చి బైక్ తీశాడు. చొక్కా తడిసి ఉంది. మంచుకే అనుకున్నాం. అలా అనుకోవాలనుకున్నాం. పోలీసులు పట్టుకుని అడిగితే, ఆమె తనకు కనపడలేదని చెప్పాడు. ఊరంతా కొండ గాలిస్తే ఆమె చెప్పు ఒకటి దొరికింది.

సాయంత్రం అయ్యగారు వచ్చారు.

“అమ్మా, మన పేజీలో గాని ఆ పిల్ల పేరెట్టావేటి?”

“మీరే చూడండి అయ్యగారూ. ఎక్కడైనా ఉందా?”

కళ్లజోడు పెట్టుకుని, బొటనవేలితో జరుపుతూ మొదటి నుంచి చివరిదాకా చదివారు.

“లేదు. దేవునికి స్తోత్రం.”

నేనన్నదాంట్లో ఒక్క మాటా అబద్ధం కాదు. అదే ఘోరం.

ఆయన వెళ్లగానే గడులన్నీ చెరిపేశాను. అయినా కొన్ని వారాలు ఆమె పేరు వెతికితే మా ఊరే వచ్చేది. రోజూ వెతికేదాన్ని.

తెలిసింది ముగ్గురికే. అయ్యగారు చెప్పరు. నన్ను ఎవరూ అనుమానించలేదు. మిగిలింది బుద్రమ్మ. “నీ నోరే దాన్ని తినేసింది ముసలీ” అని ఒకామె ముఖానే అంది. మందిరంలో చాప మీద పక్కవాళ్లు కొంచెం కొంచెం జరిగారు. తర్వాత బుద్రమ్మ రావడం మానేసింది. ఇప్పుడు తన మీద తనకే నమ్మకం పోయింది. కనపడినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని అడుగుతుంది: “సంతలో నేనేటైనా అనేసినానా, గుంటా?”

తెలీదంటాను.

మందిరంలో ప్రభువు బల్ల రొట్టె నా ముందుకొచ్చినప్పుడు తీసుకుంటూనే ఉన్నాను. పాపం దాచుకుని దాన్ని తీసుకునేవాళ్ల మీదికి ఏ శిక్ష వస్తుందో తెలిసే తీసుకుంటున్నాను.

మిమ్మల్ని క్షమించమనను. అది మీ చేతిలో లేదు. ఒకామె ఉందో లేదో తెలియదు. ఇంకొకామె గుమ్మం నా కిటికీలోంచి కనపడుతోంది. బుద్రమ్మన్నది మార్చిన పేరు. ఆ పిల్ల పేరు ఇక్కడ ఎక్కడా లేదు, కనపడే చోటా, కనపడని చోటా. ఈసారి రెండూ చూసుకున్నాను.

ఆ ముసలామె నోరు జారలేదు. రాసింది నేను.