మిరుగం ముందు వచ్చే పిట్ట

మా ఆయన తాటిచెట్టు మీంచి పడ్డాక, దవాఖాన దగ్గరని సిద్దిపేట శివారులో ఈ ఇల్లు కిరాయికి తీసుకున్నాం. నడుము కింద ఆయనకు కదలిక లేదు. వెనక వసారాలో మంచం వేశాం. నేను ఒక హాస్టల్లో వంట చేస్తాను. పొద్దున్నే ఆయనకు ఒళ్లు తుడిచి, పుండ్లకు మందు రాసి పోతాను. మధ్యాహ్నం పరుగున వచ్చి పక్కకు తిప్పి మళ్లీ పోతాను.

ఆ పిట్టను మొదట చూసింది ఆయనే. వానలు తెచ్చే మిరుగం కార్తె ఇంకా రాకముందు, పెరట్లో నిమ్మచెట్టు కింద రాలిన ఆకులు తిరగేస్తూ కనిపించిందట. ఆకుపచ్చ వీపు, రెక్కల మీద నీలం, పొట్ట కింద ఎరుపు, తోక ఉందా లేదా అన్నంత పొట్టి. పొన్నంకి పిట్ట అంటారని తర్వాత తెలిసింది. దక్షిణం నుంచి ఉత్తరానికి పోతూ దారిలో ఆగుతుందట. మా వాడకట్టులో ఇంకెవరూ దాన్ని చూసినవాళ్లు లేరు. పొద్దునా, పొద్దుగూకేటప్పుడూ రెండు స్వరాల ఈల వేసేది. అది ఉన్నన్నాళ్లు తనను పెరటివైపే తిప్పమనేవాడు. పుండు ఆ వైపే ఉంది. వద్దన్నా వినేవాడు కాదు.

మరుసటి ఏడాది అది మళ్లీ వచ్చినప్పుడు, ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. నేను తడిసి ఇంటికి వచ్చేసరికి పిట్ట వసారాలో మంచం కింద ముడుచుకుని ఉంది. చీపురు తీసుకున్నాను.

"కొట్టకే. ఎంత దూరంకెళ్లి వచ్చిందో ఏమో, అలిసిపోయింది. గీడ్నే పండుకోనీ" అన్నాడు.

"పిట్ట అలిసింది కనవడ్తది నీకు. నేను ఇనుపదాన్నా?"

ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. తిప్పుకోగలిగింది అదొక్కటే. నేను చీపురు పక్కన పడేసి పొయ్యి ముట్టించాను.

తెల్లారి, రాయపోల్‌లో ఉండే వాళ్లక్కకు ఫోన్ చేస్తుంటే విన్నాను. "అక్కా, నాల్గు రోజులు వచ్చిపోవే. దీన్ని తల్లిగారింటికి తోలుతా."

నారాయణరావుపేటలో మా తల్లిగారింట్లో మొదటి రోజంతా మా అవ్వ నన్ను తిండికి మాత్రమే లేపింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఆయన్ని తిప్పే వేళకు మెలకువ వచ్చేసేది.

తిరిగి వచ్చేసరికి ఆడబిడ్డ నడుము పట్టుకుని గడపలో కూర్చుంది. "రోజు ఎట్ల చేస్తున్నవే, పిల్లా?" అంది. నేను వసారాలోకి పోయి, ఆయన కింద తడిసిన దుప్పటి తీసి బకెట్లో వేశాను.

"పిట్ట నిన్నటిదాంక ఉండె. గియ్యాల పొద్దుగాల్నే పోయింది" అన్నాడాయన. "మంచిగ పండుకున్నవా?" అని అడిగాడు.

"పండుకున్న" అన్నాను.

అప్పటి నుంచి ఏటా మిరుగం ముందు ఆడబిడ్డ వస్తుంది. పోయిన ఏడు పిట్ట రాలేదు, ఆమె వచ్చింది. నేను బస్సెక్కాను. నాలుగు రోజుల నిద్రకు తీరే అలసట కాదు. కిటికీకి తల ఆనించి, ఊరు దాటకముందే కళ్లు మూసుకున్నాను.