ఊదారంగు పాము

శామీర్‌పేట బస్టాపులో నా పక్కన కూర్చున్న మనిషిని చూస్తేనే ఒళ్లు మండింది. యాభై ఏళ్లుంటాయి, మెడలో వేలంత లావు గొలుసు. ఫోన్‌లో వింత జంతువుల్ని పట్టే ఆట ఆడుతున్నాడు. నేను అడగకుండానే ఆ ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. కోరలు చాచిన ఊదారంగు పాము.

"గీ పాము మస్తు ఇసపుదన్నా. మూడు దినాలు తిరిగి పట్టిన."

దేవరయాంజాల్ దిక్కు ప్లాట్లు అమ్ముతాడట. అక్కడి పుట్టలన్నీ చదును చేయించి, ఇక్కడ ఫోన్‌లో పాముల్ని సాకుతున్నాడు! సిగ్గన్నా లేదు అనుకున్నాను.

అంతలో బల్ల కింద నుంచి సన్నటి పాము ఒకటి జరజరా బయటికొచ్చింది.

"పురుగు! పురుగు!" అంటూ ఆయన ఎగిరి బల్లెక్కాడు. భయమేస్తే మా దిక్కు పామును పేరుపెట్టి పిలవరు. ఇంతేనా నీ ప్రతాపం అని లోలోపలే ఛీకొట్టాను.

పక్కన మక్క కంకులు కాల్చే అవ్వ విసనకర్రతో నేల మీద తట్టి, "పో తల్లీ, పో" అంటూ దాన్ని పొదల్లోకి తోలింది. తర్వాత తలెత్తి మా వైపు చూసింది.

"ఎల్లిపోయింది. ఇగ దిగుండ్రి, ఇద్దరు."

నా చెప్పులు కిందే ఉన్నాయి.