ఉప్పు చూడమని పిలిచే చెంగమ్మవ్వ

నిన్న పొద్దున బ్రష్ చేసుకుంటుంటే ఫోన్. "చెంగమ్మవ్వ పోయిందిరా" అన్నాడు నాయన.

అంతే. ఫోన్ పెట్టేశాడు. నేను ఉన్నపళాన బస్సెక్కాను.

మొన్న ఆదివారమే కదా నేను వెళ్ళి అవ్వని చూసి వచ్చింది! తొంభై దాటిన మనిషే, నిజమే. అయినా మనసు ఒప్పుకోవడం లేదు.

చాలామందికి తెలియదు, అవ్వ మాకు చుట్టం కాదు. ఒకప్పుడు తిరుపతిలో మా తాత అద్దెకున్న గది పక్క పోర్షన్ ఆమెది. మరి మూడు తరాలుగా మా ఇంటి మనిషి ఎలా అయింది? తాత ఆ కథ చెప్పని పండగ లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజులు. తాత మిలిటరీ స్టోర్స్‌లో గుమాస్తా. యుద్ధం ఆగింది, ఉద్యోగం ఊడింది.

పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని పని కోసం తిరగడం. మధ్యాహ్నం గదిలో తలుపేసుకుని, నీళ్ళు తాగి పడుకోవడం. ఎవరైనా అడిగితే "తినేసినా" అనేవాడట. మహా రోషం మనిషి.

అవ్వకి అప్పుడు కొత్తగా పెళ్ళయింది. ఒకరోజు వచ్చి తలుపు తట్టింది.

"అన్నా, నాకీరోజు ఒక్కపొద్దు. రాత్రిదాకా నోట్లో ఏం పెట్టుకోకూడదు. చారులో ఉప్పు సరిపోయిందో లేదో రవ్వంత సూసి పో."

తాత వెళ్ళి చారు చుక్క కోసం అరచెయ్యి చాపాడు.

"చుక్క నాకితే ఏం తెలుస్తాదన్నా? అన్నంలో కలుపుకుంటేనే తెలిసేది" అని పళ్ళెం నిండా వడ్డించింది.

మర్నాడు మళ్ళీ పిలుపు. ఆ మర్నాడూ అంతే. తాత సీరియస్‌గా "కొంచెం ఎక్కువైందమ్మా" అని రిపోర్ట్ ఇచ్చేవాడట. "సూసినావా, నువ్వు లేకుంటే మా ఇంటాయన ఎగిరిపడేవోడు" అనేది ఈవిడ. అబ్బా, ఏం యాక్టింగ్!

కొన్నాళ్ళకి తాతకి డౌట్ వచ్చింది. "శనివారం ఒక్కపొద్దంటే సరే. రోజూ యాడుండాదమ్మా?"

"మొక్కుకున్నానన్నా. మొక్కు బయటికి చెప్పకూడదు."

తనకి అన్నం పెట్టడానికి అబద్ధమాడుతోందని తాతకి అర్థమైంది. సిగ్గేసింది. కానీ ఆకలి. వెళ్ళేవాడు.

చివరికి చిత్తూరులో టీచర్ ఉద్యోగం దొరికింది. మొదట ఆమెకే చెప్పాడు. మిట్టమధ్యాహ్నం. ఆమె దేవుడి పటానికి దండం పెట్టి, రెండు పళ్ళేలు తెచ్చింది. "ఇంక నేనూ తింటానన్నా" అని ఎదురుగా కూర్చుంది.

అప్పుడు తెలిసింది. ఒక్కపొద్దు అబద్ధం కాదు.

అవి రేషన్ రోజులు. ఆ ఇంట్లో బియ్యం ఇద్దరికే సరి. ఇన్నాళ్ళూ తాత తిన్నది ఆమె మధ్యాహ్నం అన్నం. మొక్కూ నిజమే, తాతకి పని దొరకాలని.

"ముద్ద దిగలేదురా" అని చెప్తూ మళ్ళీ ఏడ్చేవాడు తాత.

పోయినేడు శ్రీ సిటీలో నా ఉద్యోగం పోయింది. ఇంటర్వ్యూలకి తిరిగి తిరిగి విసుగొచ్చి, అందరి కాల్స్ కట్ చేస్తున్న రోజులు. అవ్వ ఫోన్ మాత్రం ఎత్తాను.

"అబ్బోడా, నాకీరోజు ఒక్కపొద్దు. ఉప్పు సూసి పోదువు రా."

బస్‌లో కూర్చుని ఏడ్చుకుంటూ వెళ్ళాను. కానీ ఈసారి రెండో పళ్ళెం నేనే తెచ్చి ఆమె ముందు పెట్టాను. పకపకా నవ్వింది.

"మీ తాత కంటే తెలివైనోడివిరా. పని వస్తాదిలే, కడుపు మాత్రం మాడ్చుకోబాక."

పని ఇంకా రాలేదు. అవ్వ వెళ్ళిపోయింది.

నిన్న అంతా అయ్యాక, పొయ్యి వెలగని ఆ ఇంటికి పక్కవాళ్ళు చారన్నం పంపారు. కంగారులో ఉప్పు వెయ్యడం మరిచిపోయినట్టున్నారు. తలలు వంచుకుని తిన్నాం.

పోయి రా అవ్వా. నీ ఒక్కపొద్దులన్నీ తీరిపోయాయి. ఆడైనా వేళకి కడుపునిండా తిని, చల్లగా ఉండు.