గంజి పూసిన జారుడుబల్ల

ఆ రోజుల్లో ఈ సంగతి రాయాలని ఎంత ఉన్నా రాసేదాన్ని కాదు, నాకు అక్షరాలు రావు. గద్వాలలో మా నేతగాళ్ల ఇళ్లల్లో ఆడపిల్ల చేతికి పలక కంటే ముందు కండెలు చుట్టే రాట్నం వచ్చేది. నలభై దాటాక, ఈ కథలోని బుడ్డదే పెద్దదై నా చెయ్యి పట్టి దిద్దించింది. ("చిన్నమ్మా, గంత గట్టిగ ఒత్తకు, పెన్సిల్ ఇరుగుతది" అని కసిరేది కూడా.) వచ్చిన అక్షరాలతో ముందుగా ఏం రాయాలా అని కూర్చుంటే దేవుడి పేరు గుర్తుకు రాలేదు, మా మామ పంచె గుర్తుకొచ్చింది.

నాకప్పుడు పెళ్లై మూడు నెలలు. వీధికొక సెల్‌ఫోన్ ఉన్న కాలం. బావా, తోటికోడలూ చంటివాడితో ఒక గదిలో, మేమిద్దరం ఇంకో గదిలో పడుకునేవాళ్లం. మేమిద్దరం అన్నాను గానీ, నడుమ వాళ్ల ఐదేళ్ల కూతురు బుడ్డది అడ్డంగా పడుకునేది. మా ఇంటాయన మొహం నేను తీరుబడిగా చూసింది పెళ్లిపీటల మీదే. చివరికి బుడ్డదానికీ మా అత్తమ్మకూ కలిపి ఒక గది ఇచ్చారు. బావ తన మగ్గాన్ని షెడ్డుకు మార్చుకోగా మిగిలిన గది. మగ్గం పోయింది గానీ, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే తొడలోతు గుంత అలాగే ఉంది. మామ పూడ్చనివ్వలేదు. బుడ్డది మగ్గం జోలికి రాకుండా గుంతలో బూచోడున్నాడని చెప్పి పెంచిందీ ఆయనే. ఇప్పుడది ఆ గడప తొక్కదు. "బూచోడు నా కాలు గుంజుతడు. నేను చిన్నమ్మ తాననే పండుకుంట" అంటుంది. మా ఇంటాయన పైకప్పు వైపు చూసేవాడు.

ఆ మధ్య వనపర్తిలో మా ఆడబిడ్డ ఇంటికి పోయి, అక్కడి బడిలో జారుడుబల్ల ఎక్కి వచ్చింది బుడ్డది. వచ్చిన దగ్గర్నుంచి జొన్న బస్తాల మీంచి, తాత వీపు మీంచి జారడమే పని. ఆ గదిలోనే ఒక జారుడుబల్ల పెడితే పిల్ల దానంతటదే వస్తుంది గదా అని నాకు తోచింది. అమావాస్య నాడు మగ్గాలకు సెలవు, అందరి చేతులూ ఖాళీ. పాత తలుపు రెక్క ఒకటి తెచ్చి, ఒక కొస మోకాలెత్తు చెక్కపెట్టె మీద కదలకుండా బిగించి, రెండో కొస గుంత అంచుకు దించాం. పక్కలకు పడిపోకుండా రెండు వైపులా పట్టెలు. గుంత నిండా బొంతలు. (మా ఇంటాయన అంత హుషారుగా మేకులు కొట్టడం మళ్లీ ఎన్నడూ చూడలేదు.) మామ ఒక పట్టుపోగు తీసుకుని చెక్క మీద పైనుంచి కిందికి లాగాడు. అది తట్టుకున్న చోటల్లా మళ్లీ గరుకు కాగితంతో రుద్దించాడు. "పోగు తెగితే పిల్లకు గుచ్చుకున్నట్టే" అన్నాడు.

అంతటితో ఆగితే బాగుండేది. పడుగు దారాలకు గంజి పెడితేనే నున్నబడతాయి గదా, చెక్కకు మాత్రం ఎందుకు పెట్టకూడదని నా తెలివి. చిక్కటి గంజి కాచి, ఎవరికీ చెప్పకుండా రెండు పూతలు పూశాను.

"పెద్దోళ్ల బరువు ఆగినంకనే పిల్ల ఎక్కాలె. ముందుగాల నేను" అన్నాడు మామ.

"నీ బరువు ఆగితే ఏనుగుదిగూడ ఆగుతది" అంది అత్తమ్మ.

మామ కూర్చున్నాడు. జానెడు జారాడు. ఆగిపోయాడు.

"ఏమైంది మామా?"

"ఏం గాలె. జర కూసున్న."

"దిగుండ్రి మరి."

"దిగెటట్టు లేదు బిడ్డా. పంచె పట్టుకున్నది."

ఆరీ ఆరని గంజి గద్వాల ఎండకు బంకైంది. గడప అవతల నుంచి బుడ్డది తొంగి చూసింది. "తాతా, బూచోడు పట్టిండా?"

"బూచోడు గాదే, మీ చిన్నమ్మ పట్టించింది."

"పంచె ఇడిసి లెవ్వయ్యా" అంది అత్తమ్మ.

"కోడండ్ల ముందరనా?"

మా ఇంటాయన సుత్తి కింద పెట్టి నా వైపు చూశాడు. ఆ చూపులో నాకు ఇంకో మూడేళ్లు కనబడ్డాయి, నడుమ బుడ్డదానితో సహా. ఏం చేస్తున్నానో తెలియకుండానే చెంబెడు నీళ్లు తెచ్చి మామ వెనక నుంచి గుమ్మరించాను. గంజి కరిగింది. ఆయన ఒక్క పెట్టున జారిపోయి, కాళ్లు పైకి లేచేలా బొంతల్లో పడ్డాడు. అందరం గుంతలోకి వంగి చూశాం. గుంతలోంచి గొంతు వినబడింది.

"మల్లొకసారి పొయ్యి బిడ్డా!"

బుడ్డది గడప దాటి లోపలికి ఉరికింది. "తాతా, బూచోడేడి?"

"నా కింద పడి నలిగి సచ్చిండు."

"అయితే జరుగు, నా వంతు!"

బల్లను కడిగి, ఆరబెట్టి, మైనం రుద్దాకే బుడ్డదాన్ని ఎక్కనిచ్చాం. పెద్దలు పక్కన లేనిదే ఎక్కకూడదని అత్తమ్మ కట్టడి చేసింది. మాపటికల్లా బుడ్డది దిండు చంకన పెట్టుకుని ఆ గదికి మారిపోయింది. మా ఇంటాయన నన్ను చూసి నవ్వాడు. (మిగతాది రాయను, నా రాతలు దిద్దేది బుడ్డదే.)

ఇప్పుడా గదిలో టైల్స్ పరిచారు. గుంత ఎక్కడుండేదో వెతుక్కోవాలి, కింద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి. అప్పటి కొత్త కోడలిని తలచుకుంటే నవ్వొస్తుంది. బుడ్డది గది మారిన మరునాడు పొద్దున్నే వాకిలి ఊడుస్తూ, అత్తమ్మా బుడ్డదీ పెరట్లోకి పోయింది చూసి, చీపురు గోడకు ఆనించి, కుచ్చిళ్లు ఎగదోపుకుని జర్రున జారాను. బొంతల్లోంచి తలెత్తి చూస్తే గడపలో మామ, పంచె బిగించి కట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను కొంగు సర్దుకుని, లేచి ఆయనకు జాగా ఇచ్చాను.