గొలుసక్క బదిలీ

ల్యాబులో అందరూ ఆమెను గొలుసక్క అంటారు. మెడలో గొలుసుండి కాదులెండి. ఒంట్లో ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అని చిన్న చిన్న పొయ్యిలుంటాయి, మనకు శక్తి అక్కడే పుడుతుంది. అందులో ఉండే ఒక ఎంజైమును వేరుచేసి తీయడం ఆమె పని. ఆ ఎంజైము విడివిడిగా ఉంటే వట్టి సోమరిపోతు. ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసులా బారు కట్టిందా, పని దంచేస్తుంది. ఆ గొలుసులు ఆమె చేతిలోనే కట్టేవి. ఇంకెవరు చేసినా ముక్కలే.

అక్క హస్తవాసి అనేవాళ్లు అందరూ. ఆ హస్తవాసే ఆమె కొంప ముంచింది. మొగుడూ, ఎనిమిదేళ్ల కూతురూ రైల్లో ఒక పగలంతా కూర్చుంటే గానీ చేరలేని ఊళ్లో ఉన్నారు. అక్కడి ల్యాబులో ఖాళీ పడింది, నెలాఖరు దాకే గడువు. ప్రొఫెసరు సంతకం పెడితే చాలు. ఆయనేమో, ఇంకొకరి చేత గొలుసులు కట్టించి చూపించు, ఆ క్షణమే సంతకం అన్నాడు. ముగ్గురికి నేర్పింది. పాపం, ముగ్గురూ రికార్డు పుస్తకంలో ఉన్నది పొల్లుపోకుండా చేశారు. ఒక్క గొలుసూ కట్టలేదు. కిటికీల్లేని ఆ గదిలో, ఫ్రిజ్‌ల రొద మధ్య, ఆమె గడువుకు మిగిలిన రోజులు లెక్కపెట్టుకునేది.

మూడో అమ్మాయి ఎంజైము ఉన్న గొట్టాలను ఐసులో పెట్టి గంటసేపు కాపలా కాస్తుంటే చూసి, గొలుసక్క చేతిలో పని ఆపేసింది. పుస్తకంలో ఉన్నది అదే: ఐసులో గంట. రాసింది తనే. కానీ ఐసు మెషీను రెండంతస్తుల కింద. పదకొండేళ్లుగా బద్ధకించి, గొట్టాలు బల్ల మీదే వదిలేసి టీకి వెళ్లేది. ఆ చలికే గొలుసు తెగుతోందన్నమాట! చెప్తే ఇన్నేళ్ల రాతలన్నీ అబద్ధమని తేలుతుంది. చెప్పకపోతే బిడ్డ దగ్గరికి వెళ్లడం కుదరదు. మూడు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయింది.

నాలుగో రోజు ప్రొఫెసరు ముందు నిలబడి అంతా చెప్పేసింది. ఆ అమ్మాయి ఐసు లేకుండా చేసింది. మైక్రోస్కోపులో గొలుసులే గొలుసులు, ఎంజైము పని పదింతలు. హమ్మయ్య అనుకుంది మా పిచ్చితల్లి. ప్రొఫెసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"చెప్పి మంచి పని చేశావమ్మా. కానీ ఐసులో గంట అనే రాసి అచ్చేసిన ఆరు పేపర్లూ తప్పే కదా ఇప్పుడు. ప్రతి కొలతా మళ్లీ తీయాలి, రెండేళ్లు పడుతుంది. ఏ రోజు గొట్టాలు ఎంతసేపు బల్ల మీదున్నాయో నీకు తప్ప ఎవరికి తెలుసు?"

ఆయన కోప్పడి ఉంటే పోట్లాడేది. ఆయన కోప్పడలేదు. బదిలీ కాగితం సంతకం చేయకుండానే సొరుగులో పెట్టేశాడు.

సాయంత్రం మొగుడు ఫోన్ చేసి, సంతకం అయిందా అని అడిగాడు.

"నిజం చెప్పేశానండీ. అందుకే రాలేను."

ఫోన్లో అటు వెనకాల నుంచి కూతురు, అమ్మ బట్టలకి నా బీరువాలో సగం ఖాళీ చేశానని చెప్పు నాన్నా అంటోంది.